కల్లం మీద బెల్లం

"పరదాలు! పరదాలు పట్టుండ్రి!"

కేక వేసింది ఎవరో ఎవరూ చూడలేదు. చూసే తీరిక ఎక్కడిది? అడవి వైపు నుంచి నల్లమబ్బు ఒకటి లేచి మిట్టమధ్యాహ్నపు ఎండను మింగేసింది. కల్లం నిండా మిరపకాయలు. తండా మొత్తం ఏడాది కష్టం అక్కడ ఎర్రగా పరుచుకుని ఉంది. రూప్లి కంచంలో కలుపుకున్న జొన్న గటక అలాగే వదిలేసి, కొంగు బిగించి ఉరికింది. అరవై దాటిన మనిషి. రెండు మోకాళ్లూ మొరాయిస్తున్నాయి. మబ్బును చూస్తే మాత్రం ఆ మోకాళ్లు గుర్తుండవు.

ఆమె పట్టుకున్న మొదటి పరదా ఆమెది కాదు, తండా పెద్ద నాయక్ హాతీరాంది. కల్లం మీద ఏ రాశి ఎవరిదని అడిగే పద్ధతి లేదు. మబ్బు వచ్చిందా, దగ్గరున్న రాశి మీదికి ఉరకాలి. నలుగురు నాలుగు మూలలు పట్టి కప్పాలి, మూలల మీద రాళ్లు పెట్టాలి, పక్కదానికి పోవాలి. పొద్దున నల్లా దగ్గర జుట్లు పట్టుకున్న ఆడవాళ్లు కూడా మబ్బు వస్తే ఒకే పరదాకు చెరో మూల పట్టుకుంటారు. మిరపకాయ ఒక్కసారి తడిసిందంటే తెల్లబడి తాలు అవుతుంది. ఖమ్మం మార్కెట్లో పదమూడు వేలు పలికే క్వింటాలుకు ఐదు వేలిచ్చినా మహరాజే. ఆ ఐదు వేల కోసం కూడా కమీషన్ ఏజెంటు కాళ్లావేళ్లా పడాలి.

అన్ని రాశులూ కప్పేసరికి మబ్బు నాలుగు చినుకులు రాల్చి, మొహం తిప్పుకుని ములకలపల్లి వైపు వెళ్లిపోయింది. ఆడవాళ్లు నడుముల మీద చేతులు పెట్టుకుని దాన్ని బండబూతులు తిట్టారు. మిరపఘాటుకు తుమ్ములు, తుమ్ముల మధ్య నవ్వులు.

"ముసల్దానివి, నీకేం ఉరుకుడే అత్తా? పడితే ఎవరు మోస్తరు నిన్ను?" అంది కోడలు ప్రమీల, మూతికి కట్టుకున్న తువ్వాలు విప్పుతూ.

"నువ్వే మోస్తవ్. తింటున్నవ్ గద, మొయ్యవా?" అంది రూప్లి. ఆమె గటక అప్పటికే కోళ్ల పాలయింది.

చండ్రుగొండ నుంచి అశ్వారావుపేట పోయే దారి పక్కనే ఉంటుంది ఆ కల్లం. ఎకరానికి కాస్త తక్కువ. ఒకప్పుడు ఏ విత్తూ మొలవని రాళ్లదిబ్బ. రూప్లి పెనిమిటి మంగీలాల్‌కు పట్టా వచ్చిన చేనులో అది పనికిరాని ముక్క. కొడుకు కోటేష్ ఇంకా చంకలో ఉన్న రోజుల్లో మంగీలాల్ ఆ దిబ్బను చదును చేయడం మొదలుపెట్టాడు. తండా అంతా వాగు నుంచి తట్టలతో మొరం మోసి, పేడనీళ్లతో అలికి కల్లం చేసింది. పని ముగిసిన నాడు మంగీలాల్ పళ్లెంలో బెల్లం పెట్టి అందరికీ పంచి, "జాగ నాది, కల్లం తండాది" అన్నాడు. అందరూ తిన్నారు. అంతే. కాగితం లేదు, కచేరీ లేదు.

బెల్లానికి ఆ తండాలో అంత విలువ. పెళ్లి ఖాయమైనా, గట్టు తగాదా తీరినా, పదిమందిలో మాట చెప్పి బెల్లం పంచుతారు. నోట్లో వేసుకున్నవాడు మాట ఇచ్చినట్టే. తిన్నాక కాదంటే తప్పు. తండాకు విందు పెట్టి క్షమించమని అడిగేదాకా వాళ్ల పనికి ఎవరూ చెయ్యి వేయరు. పిల్లలు పుడితే బూందీ పంచుతారు, లడ్డూలు పంచుతారు. బెల్లం జోలికి మాత్రం పోరు.

అందుకే, ఆ మధ్యాహ్నం కోటేష్ ట్రాక్టర్ ఆపి గంపెడు బెల్లం దించినప్పుడు రూప్లి నొసలు చిట్లించింది.

"ఏందిరా ఇది?"

"ఆసామి ఇంట్ల మనవడు పుట్టిండు యాడీ. తండా అంత నోరు తీపి చేసుకోమన్నడు. నీ చేత్తోనే పంచాల్నట" అన్నాడు కోటేష్. తల్లిని లంబాడీలో యాడీ అనే పిలుస్తాడు.

"లడ్డూలు దొరకలేదా మీ ఆసామికి? బెల్లమేంది?"

"కొత్త బెల్లం, మంచిదని పంపిండు. జల్దీ పంచు, తోటకు పోవాలె నేను."

ఆసామి అంటే బసవపున్నయ్య. వాళ్ల నాన్న మధిర అవతల నుంచి పొగాకు వేయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇది ఏజెన్సీ ఊరు, గిరిజనులు కానివాళ్ల పేరు మీద భూమి ఎక్కదు. అందుకని బసవపున్నయ్యకు సెంటు భూమి లేదు. తండాలో సగం మంది పేర్ల మీద మాత్రం ఆయన పామాయిల్ తోట నిక్షేపంగా కాస్తోంది. మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు. జ్వరమొస్తే కారులో దవాఖానాకు పంపుతాడు. ఇంటికి వెళ్తే ఆయన భార్య పద్మావతమ్మ మజ్జిగ ఇవ్వకుండా పంపదు. కోటేష్ ఇరవై ఏళ్లుగా ఆయన ట్రాక్టరే తోలుతున్నాడు.

రూప్లికి అనుమానం రాలేదని కాదు. వచ్చింది. కానీ పొద్దుటి నుంచి కడుపులో ఏమీ పడలేదు, గొంతు నిండా మిరప దుమ్ము, చుట్టూ ఆడవాళ్లు చేతులు చాస్తున్నారు. పసిపిల్లాడి పేరు చెప్పి వచ్చిన తీపిని వద్దనడం ఏం మర్యాద? పళ్లెంలో పెట్టుకుని పంచసాగింది. అప్పుడు కోటేష్ ట్రాక్టర్ మీద నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు.

"ఆసామికి మనవడు పుట్టిండు! మన కల్లం జాగల గూడ మంచి పని పడుతది! అందరు నోరు తీపి చేసుకోండ్రి!"

"మంచిదిరా, మంచిది" అని అందరికంటే ముందు నాయక్ హాతీరాం ముక్క నోట్లో వేసుకున్నాడు. నాయకే తిన్నాక ఇంకేముంది? అందరూ తిన్నారు. ఆ మంచి పని ఏమిటని ఒక్కరూ అడగలేదు. కల్లానికి సిమెంటు పోయిస్తాడేమో అనుకున్నారు. చివరి ముక్క రూప్లి తినేసి, వేళ్లు నాకి, చెంబెడు నీళ్లు తాగింది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

సాయంత్రం కాయలు కుప్ప పోసి అందరూ ఇళ్లకు మళ్లారు. మర్చిపోయిన చెంబు కోసం వెనక్కి వచ్చిన రూప్లికి కల్లం మీద కోటేష్ కనిపించాడు. రాశుల సందుల్లోంచి సున్నంతో గీతలు గీస్తున్నాడు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి.

"కల్లం మీద ముగ్గేందిరా?"

కోటేష్ ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వాడు. చిన్నప్పుడు మామిడికాయ దొంగిలించి దొరికినప్పుడు నవ్విన నవ్వే.

"రేపు గ్రామసభ యాడీ. ఇక్కడ కాంప్లెక్స్ కడుతున్నం. కింద ఆరు షాపులు, పైన ఫంక్షన్ హాలు. రోడ్డు పెద్దది చేస్తరట, మంచిగ నడుస్తది."

"కడుతున్నం అంటే? ఎవరు?"

"పైసలు ఆసామియి. పేరు నాది." అతని కళ్లు మెరిశాయి. "బోర్డు మీద ఏం రాస్తరో ఎరికేనా? కోటేష్ కాంప్లెక్స్. ఇంత పెద్ద అక్షరాలు, లైట్లతోటి."

రూప్లి సున్నపు గీతల వైపు చూసింది. మెల్లగా అడిగింది. "మరి కాయలు యాడ ఎండబోస్తరు?"

"ఆసామి తోటల సిమెంటు ప్లాట్‌ఫాం ఉంది గద. ఆడ పోసుకోవచ్చు. కిరాయి కొంచెమే తీసుకుంటడట."

"ఆయన ప్లాట్‌ఫాం మీద ఎండిన కాయ ఆయనకే అమ్మాలె. ఆయన చెప్పిందే ధర. గింతన్న తెలుస్తలేదారా నీకు?"

"నీకేం తెలుస్తుంది యాడీ?" కోటేష్ గొంతు ఒక్కసారిగా లేచింది. "ఇరవై ఏండ్ల సంది స్టీరింగ్ పడుతున్న. ఒక్కడన్న పేరు పెట్టి పిలిచిండా నన్ను? ఏయ్ డ్రైవరూ, ఓరేయ్ డ్రైవరూ. మధిర పోయినా గదే, ఖమ్మం పోయినా గదే. నా పేరు ఒక్కపారి గోడ మీద చూసుకోవద్దా నేను?"

రూప్లికి కోపం రావలసింది. ఏడుపొచ్చింది. కొడుకు అడిగింది ఏమంత పెద్దది? పేరు. వాళ్ల నాన్న పేరు ఏ గోడ మీదా లేదు. కానీ ఈ మొరం మీద నడిచే ప్రతి మనిషీ మంగీలాల్ కల్లమనే అంటాడు. ఆ మాట పిల్లవాడికి ఎట్లా చెప్పాలో తెలియలేదు. అప్పుడు ఇంకోటి తట్టింది.

"గా బెల్లం..." అంది.

కోటేష్ తల దించుకున్నాడు. "ఆసామి అడిగిండు, మీ తండాల మాట ఎట్ల ఖాయం చేస్తరు అని. నేను చెప్పిన. తప్పేముంది? మనవడు పుట్టింది గూడ నిజమే గద."

సున్నపు గీత మీద కాలు పడకుండా దాటి, చెంబు తీసుకుని వెళ్లిపోయింది రూప్లి. తండా మొత్తానికి ఆ బెల్లం తినిపించింది తన చేతులే కదా. ఇంటికి వెళ్లి రెండుసార్లు నోరు పుక్కిలించింది. పిచ్చిది, పుక్కిలిస్తే పోయే తీపా అది.

మర్నాడు పదకొండింటికి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద గ్రామసభ. మిరప కోత రోజులు, మనిషికి మూడు వందల యాభై కూలి పోగొట్టుకుని వచ్చారు జనం. పంచాయతీ కార్యదర్శి నాగలత ఈ ఊరికి వచ్చి ఏడాది కాలేదు. గొంతు సవరించుకుని చదివింది.

"వాణిజ్య సముదాయం నిర్మాణానికి అనుమతి కోరుతూ దరఖాస్తు. దరఖాస్తుదారుడు కోటేష్, తండ్రి కీర్తిశేషులు మంగీలాల్. ఇది ఏజెన్సీ గ్రామం కాబట్టి గ్రామసభ సమ్మతి అవసరం. ఎవరికైనా సందేహాలుంటే అడగండి."

కోటేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. బసవపున్నయ్య మాత్రం వేదిక మీదికి రాలేదు. పక్కన వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, తనకేమీ సంబంధం లేనట్టు విసనకర్రతో విసురుకుంటున్నాడు.

ప్రమీల లేచింది. మొగుడి వైపు చూడకుండా నాగలతనే అడిగింది. "మేడం, పేరు మా ఆయనది. మరి గీ షాపుల కిరాయి ఎవలకొస్తది?"

జనంలో చిన్న కదలిక. కోటేష్ చెవులు ఎర్రబడ్డాయి. నాగలత ఇబ్బందిగా దరఖాస్తు వైపు చూసింది. "దరఖాస్తుదారుడికే రావాలి కదమ్మా."

"రావాలె అంటే వస్తదా, రాదా?"

బసవపున్నయ్య విసనకర్ర ఆపాడు. "ఏంటమ్మాయ్ ప్రమీలా, మనలో మనకి లెక్కలేంటి? కోటేష్ నా కొడుకులాంటోడు. మా అబ్బాయి సాయికిరణ్ ఎంతో వీడూ అంతే. ఊరు బాగుపడాలనే కదా ఇదంతా. మీ ఆడపిల్లల పెళ్లిళ్లు ఇక్కడే ఏసీ హాల్లో చేసుకోవచ్చు. వద్దంటే చెప్పండి, నాకేం నష్టం?" అన్నాడు మెత్తగా. మనిషి గొంతులో నిజంగానే ఆప్యాయత ఉంది. అదే చావు. ఆప్యాయంగా అడిగేవాడికి లేదని చెప్పడం తండాకు ఎవరూ నేర్పలేదు.

"కాయలెక్కడ ఎండబోస్తం?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. ఇంకెవరో "అవ్, గది చెప్పుండ్రి" అన్నారు.

హాతీరాం లేచి తలపాగా సర్దుకున్నాడు. కింది ఆరు షాపుల్లో ఒకటి ఆయన కొడుకు గోప్యాకు, సెల్‌ఫోన్ల దుకాణానికి. ఆ సంగతి అప్పటికి ఆయనకూ, ఆయన భార్య చాందికీ, వేపచెట్టు కింది ఆయనకూ మాత్రమే తెలుసు.

"ఇప్పుడు అడుగుడు ఏంది? నిన్న కల్లం మీద కోటేష్ మాట చెప్పలేదా? మన జాగల మంచి పని పడుతది అన్నడా, లేదా? బెల్లం తిన్నమా, లేదా? తిన్నంక ఇంక అడిగేదేముంది? మాటయిపోయింది."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిన్న ఎండలో కమ్మగా దిగిన బెల్లం ఇవాళ గొంతులో అడ్డం పడింది. నాగలతకు ఏమీ అర్థం కాలేదు. "బెల్లమేంటండీ?" అని అడిగితే, "అది మా తండా మాట మేడం, మీరు కానియ్యుండ్రి" అన్నాడు హాతీరాం.

"సరే, సమ్మతించేవాళ్లు చేతులెత్తండి."

మొదట హాతీరాం చెయ్యి లేచింది. ఒకటి తర్వాత ఒకటి, బరువులెత్తినట్టు మిగతావీ లేచాయి. మిరపకాయలు ఏరి ఏరి వేళ్ల చివర్లు పగిలిన చేతులు. కొందరు చెయ్యెత్తి తల దించుకున్నారు. ప్రమీల ఎత్తలేదు, రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. ఆమె కూడా తిన్నది.

"వ్యతిరేకించేవాళ్లు?" నాగలత అలవాటుగా అడిగి, అప్పుడే పెన్ను మూత పెట్టబోయింది.

రూప్లి లేచింది. లేచేటప్పుడు మోకాలు పట్టేసి ప్రమీల భుజం ఆసరా చేసుకుంది. జబ్బల మీద, మంగీలాల్ పోయిననాడు తీసేసిన బలియాల, ఆ ముత్తైదువ గాజుల, గుర్తులు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"నాకొద్దు. నేను ఒప్పుకోను" అంది.

హాతీరాం పకపకా నవ్వాడు. "వదినా, నిన్న బెల్లం పంచిందే నువ్వు! పళ్లెం పట్టుకున్నది నువ్వు!"

"అవ్, నేనే పంచిన. నేనే తిన్న. చివరి ముక్క నాదే. దాహం మీద తిన్న, ఎందుకో అడగకుండ తిన్న. నా బుద్ధి గడ్డి తిన్నది." ఆమె హాతీరాం వైపు వేలు చూపింది. "గని నాయకా, గదే జాగల ఇంకో బెల్లం గూడ తిన్నం మనం. నీకు యాదికున్నదా? నువ్వు గూడ తిన్నవ్. నీ నెత్తి మీద గూడ మొరం తట్ట ఉండె. కల్లం తండాది అని నా పెనిమిటి మాటిచ్చిండు. మాటిచ్చినోడు సచ్చిండు గని, తిన్నోళ్లం బతికే ఉన్నం గద? ఆ మాట నిలబెట్టనీకి ఈ మాట తప్పుతున్న. తప్పు ఏస్తే ఏయుండ్రి. నేను మాత్రం చెయ్యెత్త."

"యాడీ!" కోటేష్ కుర్చీలోంచి లేచాడు. "పదిమందిల నా ఇజ్జత్ తీస్తున్నవ్!"

రూప్లి కొడుకు వైపు తిరిగింది. తిట్టాలనుకుంది, కానీ ఆ ఇస్త్రీ చొక్కా చూస్తే గుండె నీరైపోయింది. "నీ పేరు మంచి పేరురా కొడుకా. మీ నాయిన పెట్టిండు. దాని కింద ఇంకొకని ఇల్లు లేపకు" అని మాత్రం అంది.

నాగలత పెన్ను మళ్లీ కాగితం మీద పెట్టింది. పట్టాదారు మంగీలాల్ భార్య అభ్యంతరమంటే రాయక తప్పదు. "అభ్యంతరం రాస్తున్నాను. పై అధికారులకు పంపుతాం. వాళ్లు ఏం తేలుస్తారో చూడాలి" అంది. వేపచెట్టు కింద బసవపున్నయ్య నిదానంగా లేచి, పంచె దులుపుకున్నాడు. "పెద్దావిడ. కోపంలో ఉంది. ఆలోచించుకోనివ్వండి, తొందరేం లేదు" అని నవ్వుతూ కారెక్కాడు.

జనం కదిలిపోతుంటే హాతీరాం అందరికీ వినబడేలా అన్నాడు. "తిన్న బెల్లం కాదన్నది. ఇయ్యాల్టి సంది ఆ ఇంటి పనికి ఎవ్వరు చెయ్యి ఎయ్యొద్దు. ఇది తండా మాట."

ఎవరూ అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. ఎవరి దారిన వాళ్లు పోయారు.

అత్తాకోడళ్లు ఇంటికి నడిచారు. సగం దారిలో ప్రమీల, "ఆయన ఇయ్యాల ఇంటికి రాడేమో" అంది. రూప్లి, "వస్తడు, ఆకలైతే" అంది. తనకే నమ్మకం లేదు. కన్నకొడుకును పదిమందిలో కాదన్నాక ఏ తల్లికి అన్నం దిగుతుంది?

మధ్యాహ్నం మూడింటికి మళ్లీ అడవి మీద మబ్బు లేచింది. నిన్నటి మబ్బు కాదు ఇది. ఉరుముతోంది. మొదటి గాలికే కల్లం మీది దుమ్ము, సున్నపు గీతల తెల్లదనం కలిసి పైకి లేచాయి.

"పరదాలు!"

తండా అంతా ఉరికింది. రూప్లీ ఉరికింది. అలవాటుగా, దగ్గరున్న రాశి మీదికి. అది మళ్లీ హాతీరాం రాశే. మూడు మూలలు పట్టుకున్నారు, నాలుగో మూల గాలికి కొట్టుకుంటోంది. రూప్లి దాన్ని ఒడిసిపట్టింది. అవతలి మూల పట్టుకున్న చాంది ఆమెను చూసి, తన మూల మీదికే వంగింది. నాయక్ భార్య ఆమె. నలుగురూ కప్పారు. రూప్లి మూల మీద రాయి పెట్టి పక్క రాశికి పోయింది. అక్కడా పట్టింది. ఆ పక్కదానికీ పట్టింది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ పలకరించనూ లేదు.

అన్ని రాశులూ కప్పేశారు. ఒక్కటి మిగిలింది, రూప్లిది. ప్రమీల అప్పటికే పరదా విప్పి ఒక మూల మీద మోకాలు వేసి కూర్చుంది. రూప్లి రెండో మూల పట్టుకుంది. మిగతా రెండు మూలలూ గాలికి లేచి, వాళ్ల మొహాల మీదికే తిరిగి కొడుతున్నాయి. పరదా పెద్దది. ఇద్దరి వల్ల కాదు. ఆరబోసిన కాయ గాలికి దొర్లుతోంది. మొదటి చినుకు రూప్లి చెయ్యి మీద పడింది, పెద్దది, చల్లగా.

రోడ్డు పక్కన బసవపున్నయ్య ట్రాక్టర్ ఆగి ఉంది. స్టీరింగ్ పట్టుకుని కోటేష్ అటే చూస్తున్నాడు. కల్లం అంచున తండా ఆడవాళ్లందరూ ఖాళీ చేతులతో నిలబడ్డారు. చాంది ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి నాయక్ ఎక్కడున్నాడో చూసి, అక్కడే ఆగిపోయింది. వాళ్లకూ రూప్లికీ మధ్య తెల్లటి సున్నపు గీత. చినుకులకు అది అప్పుడే అక్కడక్కడా కరిగిపోతోంది.

రూప్లి తన మూల వదల్లేదు. గాలి పరదాతోపాటు ఆమెనూ లాగుతుంటే, కాళ్లు మొరంలో పాతి, గొంతు చించుకుని అరిచింది.

"చూస్తరేందే? పట్టుండ్రి!"